తువ్వాలు కింది ఎర్ర కన్ను

లెండల్ పెట్టె తెరిచి ఫిడేలు బయటికి తీస్తుంటే దాని కడుపులో ఏదో గలగలమంది. నా అనుమానం పుట్టింది అప్పుడే.

మా కెంటకీ కొండల్లో పాతకాలపు ఫిడేలు వాయించేవాళ్లు గిలకపామును చంపితే దాని తోక చివర గలగలలాడే గిలక కోసి ఫిడేలులో పడేసుకుంటారు. ఎలుక దూరదనీ, చెమ్మ పట్టదనీ, నాదం చిక్కబడుతుందనీ అంటారు. నిజమో కాదో ఎవరూ తేల్చలేదు. తీసేసి చూసే ధైర్యం కూడా ఎవరూ చేయలేదు. అయితే ఇతని కారుకున్నది ఒహాయో నంబరు. ఫ్యాక్టరీల ఒహాయోలో పాముతో పనేమిటి?

"చూశావా మామయ్యా, గిలకుంది. మనవాడే," అంది మా మేనకోడలు టాన్సీ.

"మనవాడిలా కనబడాలని కొనుక్కొచ్చుంటాడు."

"గిలకలు ఎక్కడమ్ముతారు?"

"ఒహాయోలో అమ్మనిదంటూ ఏదైనా ఉందా?"

మా బృందం పేరు కోల్‌డస్ట్ హల్లెలూయా. పేరు పెట్టింది టాన్సీ. గనులు మూతబడ్డాక మాకు మిగిలినవి బొగ్గుధూళీ, దేవుడూ, రెండే అని దాని వాదన. అది పాడుతుంది, గిటారు బాదుతుంది. వాయిస్తుంది అంటే అబద్ధం చెప్పినట్టవుతుంది. తలకి ఒక పక్క నున్నగా గొరిగించుకుంది. "పేలు పడ్డాయా తల్లీ?" అని మా అమ్మ కనబడినప్పుడల్లా అడుగుతుంది. కోయ్‌కి టైర్ల షాపుంది. టైరు విప్పినా డ్రమ్ము వాయించినా వాడికి ఒకటే చెయ్యి, ఒకటే కోపం. నేను బాంజో. నలభై ఆరేళ్లవాడికి ఈ పిల్లల మధ్య ఏం పని అంటే, తాతలనాటి పాటలు నా దగ్గరున్నాయి, కేకలు వాళ్ల దగ్గరున్నాయి. పాటని ప్రార్థనలా ఎత్తుకుని పొలికేకలా దింపుతాం. ముసలాళ్లు చెవులు మూసుకుంటారు, కానీ కుర్చీల్లోంచి లేచిపోరు.

మా పాత ఫిడేలాయన చేతులకి వణుకు పట్టి ఇంట్లో కూర్చున్నాడు. పశువుల దాణా కొట్లో ఫిడేలు మనిషి కావాలని కాగితం అంటిస్తే, ఈ లెండల్ స్లోన్ దిగాడు. ముప్పై ఏళ్లుంటాయి. బక్కపలచటి మనిషి, మాట తక్కువ. మాట తక్కువైన వాళ్లంటే నాకు మొదట్నుంచీ పడదు, లోపల ఏం దాచారో తెలీదు.

"ఎవరి తాలూకు నువ్వు?" అని అడిగాను. మా దగ్గర పేరుకంటే ముందు అడిగేది అదే.

"స్లోన్ వాళ్లం అన్నా. ఒహాయో నిండా ఉన్నాం."

"ఒహాయో నిండా ఉన్నవాళ్లందరూ ఇక్కణ్నుంచి పోయినవాళ్లే. ఏ వాగు?"

"అవ్వ చెప్పేది... సరిగా గుర్తులేదు," అని ఫిడేలు మీదికి వంగాడు.

మా కొండల్లో చిరునామా అంటే వాగు పేరే, అది గుర్తులేనివాణ్ని నేను అప్పటివరకూ చూడలేదు.

అయితే వాయించాడు. అబద్ధమాడను, బాగా వాయించాడు. టాన్సీ కేకకి కింద అతని కమాను రంపంలా కోస్తుంటే కోయ్ నవ్వుతూ వాయించాడు, ఆ డ్రమ్ము ముందు కోయ్ నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరూ అప్పుడే సరే అనేశారు. నన్నడిగితే, "చూద్దాం," అన్నాను.

నా చూద్దాంకి కారణముంది. లెక్సింగ్టన్‌లో ఒక చిన్న రికార్డు కంపెనీ మా పాటలు విని, తొమ్మిది బాగున్నాయి, పదోది ఇంకెవరి దగ్గరా లేనిది తీసుకురండి అంది. వచ్చే నెల మొదటి శనివారం రమ్మంది. ఇంకెవరి దగ్గరా లేనిది నా దగ్గరుంది. అది నా దగ్గరున్న సంగతి ఇంకెవరికీ తెలీదు, టాన్సీకి కూడా.

అది మా అమ్మ పాట.

మా చర్చి గడప లోపలికి గొంతు తప్ప ఏ వాద్యమూ రాకూడదు. పెద్దాయన ఒక వరుస గబగబా అందిస్తాడు. మిగతావాళ్లం దాన్ని పట్టుకుని, ఎవరి గొంతు వాళ్లు వంచుకుంటూ, నెమ్మదిగా లాగుతాం. పుస్తకంలో మాటలే ఉంటాయి, రాగం మనుషుల్లో ఉంటుంది. వాగు దాటే పాట అని మేం పిలిచే కీర్తనొకటుంది. మూడో వరుసలో అందరూ కిందికి దిగేచోట మా అమ్మ జెరూషా ఒక్కతే పైకి పోతుంది, అదీ ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడే. చర్చిలో అందరితోపాటే దిగుతుంది. జారే బండమీద మేక కాలు తడబడి మళ్లీ నిలదొక్కుకున్నట్టుంటుంది ఆ విరుపు. చిన్నప్పుడు గోడకివతల పడుకుని విన్నాను. ఎవరైనా వింటున్నారని తెలిస్తే పాడదు. వాద్యాలకి ఎక్కించే మాట ఎత్తితే అసలు మనల్ని ఇంట్లోంచే ఎత్తిపారేస్తుంది.

అందుకని అడగలేదు. ఎనిమిది నెలల కింద ఒక మధ్యాహ్నం, ఆమె గిన్నెలు కడగబోతుంటే, చిన్న టేప్ రికార్డరు సింకు పక్కన పెట్టి, మీద గిన్నెల తువ్వాలు కప్పి, కట్టెలు కొట్టడానికి పోయాను. కావాలనే దూరంగా పోయాను. తర్వాత ఇంటికొచ్చి పెడితే మొదటి రెండు వరుసలు విన్నానో లేదో, బయట ఎవరిదో కారు ఆగింది. టక్కున ఆపేశాను. మళ్లీ వినడానికి మనసొప్పలేదు. తల్లి గొంతు దొంగిలించినవాడికి అది వినే ముఖం ఉండాలి కదా. కాఫీ డబ్బాలో పెట్టి, బాంజో తీగలున్న అరలో వెనక్కి తోశాను. రికార్డింగంటూ కుదిరిన రోజున దీన్ని అందరికీ వినిపించి వాయించేద్దాం, అప్పుడు ఆమె వద్దన్నా పాట బయటికొచ్చేసి ఉంటుంది, అనుకున్నాను.

లెండల్ వచ్చిన మూడో వారంలో ఆ డబ్బా జరిగి ఉంది.

వెనక ఉండాల్సింది ముందుకొచ్చింది. మూత కొద్దిగా ఏటవాలుగా ఉంది. టేపు లోపలే ఉంది. ఉంటే మాత్రం? టేపు ఎత్తుకుపోనక్కర్లేదు, వింటే చాలు కదా ఫిడేలు వాయించేవాడికి. ముందు శనివారం సాధన మా ఇంట్లోనే జరిగింది. చేతులు కడుక్కొస్తానని లోపలికి పోయింది అతనే.

అప్పట్నుంచి కళ్లు అతనిమీదే పెట్టాను. జేబులో చిన్న నల్ల పుస్తకం ఒకటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు తీస్తాడు, నేను దగ్గరికి పోతే మూస్తాడు. ఒకసారి ఫిడేలు వదిలి బయటికి పోయినప్పుడు టార్చి వేసి దాని కడుపులోకి చూశాను, రికార్డరు లాంటిదేమైనా ఉందేమోనని. గిలకే. పదకొండు కణుపుల పాత గిలక, నల్లబడిపోయింది.

"ఏం వెతుకుతున్నావన్నా?" అని వెనకనుంచి కోయ్.

"ఎలుకలు."

"గిలకుంటే ఎలుకలు రావుగా?"

"అదే, నిజమో కాదో చూస్తున్నా."

ఇంకోరోజు లెండల్ తనంతట తనే నోరు విప్పాడు. "మీ అమ్మగారు చర్చికి రావడం లేదేంటన్నా?"

"న్యుమోనియా. నీకెందుకు?"

"ఊరికే. మళ్లీ ఎప్పుడొస్తారు?"

"ఆమె కాళ్లు, ఆమె ఇష్టం."

ఊరికే అడిగేవాడు రెండోసారి అడగడు. వచ్చిన దగ్గర్నుంచీ ఇతను ప్రతి ఆదివారం మా చర్చిలో వెనక బల్లమీద కూర్చుంటున్నాడు. చేతులు కలిపే పాట మొదలయ్యేలోపే లేచి బయటికి పోతాడు. చెయ్యి కలపడానికి ఇష్టంలేనివాడు చర్చికి దేనికొస్తాడు? వినడానికి, ఏరుకోవడానికి, నల్ల పుస్తకంలో ఎక్కించుకోవడానికి.

ఆ పై శనివారం అది జరిగింది. టైర్ల షాపులో అందరం సర్దుకుంటున్నాం. లెండల్ ఒక మూల తిరిగి నిలబడి తీగలు బిగించుకుంటూ ఏదో మెల్లగా లాగాడు. ఒక వరుస, రెండో వరుస. వాగు దాటే పాట. సరే, చర్చిలో విన్నాడనుకుందాం. మూడో వరుసలో కమాను కిందికి దిగాలి.

పైకి పోయింది. తడబడి, నిలదొక్కుకుంది.

నా చేతిలో బాంజో జారి టైర్లమీద పడింది.

"ఏమైంది మామయ్యా?"

"ఏం లేదు." లెండల్ నావైపు చూసి వాయించడం ఆపేశాడు. ఆపినందుకే నాకు రూఢి అయిపోయింది. దొంగే ఆపుతాడు.

మర్నాడే మా అమ్మ చర్చికొచ్చింది. ఎనభై ఒక్కేళ్లు, రెండు నెలల మంచం, అయినా సాయం పట్టబోతే చెయ్యి విదిలించింది. వచ్చే నెల ఒకరి పాదాలు ఒకరం కడిగే ఆదివారం. సంవత్సరానికొక్కసారి వస్తుంది. దానికి అందుకోవాలనే లేచానంది. సంఘంలో ఎవరికీ ఎవరిమీదా ఫిర్యాదు ఉండకూడదు ఆ రోజుకి. ఉంటే తేలేదాకా ఆ ఆదివారం జరగదు. ఫిర్యాదు తెలిసేది చేతులు కలిపే పాటలోనే. ఆఖరి పాట పాడుతూ అందరూ లేచి ఒక్కరినీ వదలకుండా చేతులు కలపాలి. చెయ్యి ఇవ్వలేదంటే, ఎందుకివ్వలేదో అక్కడే నిలబడి చెప్పాలి.

ఇదంతా నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. తెలిసినా చేశాను.

ఆ రోజు లెండల్ బయటికి పోలేదు. పాట ఎత్తుకోగానే వెనక బల్లమీంచి లేచి, నేరుగా ముందుకి, మా అమ్మ కూర్చున్న వైపుకి నడిచాడు. దారిలో నేనున్నాను. చెయ్యి చాపాడు. నా చెయ్యి, నేను చెప్పకుండానే, జేబులోకి పోయింది.

పాట ఒక్కొక్క గొంతూ తెగుతూ ఆగింది.

సంఘపెద్ద బ్రదర్ హోబర్ట్ ఎత్తు బల్లమీంచి కిందికి వంగాడు. "బ్రదర్ ఎస్టిల్, చెయ్యి ఇవ్వలేదు నువ్వు."

"ఇవ్వలేదు."

"కారణం?"

"ఈ మనిషి మా అమ్మ పాట దొంగిలించాడు."

"పాటేమన్నా కోడిపిల్లా, చంకలో పెట్టుకుపోవడానికి? ఎలా దొంగిలించాడు?"

"టేపు విన్నాడు."

"ఏ టేపు?"

ఎవరైనా అడిగే ప్రశ్నే అది. అక్కడ కూర్చున్న నలభైమందిలో అది వస్తుందని ఊహించనివాణ్ని నేనొక్కణ్నే.

"నేను... అమ్మకి చెప్పకుండా పట్టిన టేపు."

వెనకెవరో దగ్గారు. అమ్మ తల తిప్పలేదు. ఆమె టోపీకున్న గుడ్డపువ్వు మాత్రం నాకు కనబడుతోంది, కదలకుండా.

బ్రదర్ హోబర్ట్ గడ్డం గోక్కున్నాడు. "అయితే మీ అమ్మ దగ్గర నువ్వు దొంగిలించినదాన్ని నీ దగ్గర ఇతను దొంగిలించాడని నీ ఫిర్యాదు. రాసుకోమంటావా?"

"అలా అంటే ఎలా బ్రదర్..."

"ఎలా అనాలో నువ్వు చెప్పు. అలాగే అంటాను."

"డబ్బా జరిగింది," అన్నాను. "కాఫీ డబ్బా."

"జరిపింది నేను మామయ్యా!" అని టాన్సీ వెనకనుంచి. "తీగలు కావాలంటే నువ్వేగా ఆ అరలో చూసుకోమన్నావు! అందులో టేపుందని నాకేం తెలుసు? కాఫీ ఉందనుకున్నా."

లెండల్ చాపిన చెయ్యి ఇంకా దించలేదు. రెండో చేత్తో జేబులోంచి నల్ల పుస్తకం తీశాడు. ఇప్పుడు చూపిస్తాడా, అనుకున్నాను.

"నేను ఐసీ మనవణ్ని," అన్నాడు, నాతో కాదు, అమ్మతో.

గుడ్డపువ్వు కదిలింది.

"ఏ ఐసీ?"

"మీ ఐసీనే అవ్వా. ఫిబ్రవరిలో పోయింది. పోయేముందు ఇందులో తొమ్మిది పేర్లు రాయించింది. ఈ చర్చిలో చివరి ఆదివారం చెయ్యి కలపకుండా వచ్చేశాను, నా బదులు నువ్వు కలిపిరా అంది. గుమ్మం దగ్గర కాదు, ఇంట్లో కాదు, చర్చిలోనే, పాట నడుస్తుండగానే అంది. తొమ్మిదిలో ఎనిమిదిమంది పేర్లు సమాధులమీదే దొరికాయి. మీ పేరే మొదటిది. మీరొచ్చేదాకా ఇంకెవరికీ చెయ్యి ఇవ్వకూడదంది."

"ముందే చెప్పొచ్చుగా, ఎవరి తాలూకో?" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

"ముందు పేరు చెబితే జెరూషా చేతులు కట్టుకు కూర్చుంటుంది అంది అవ్వ."

"కట్టుకు కూర్చునేదాన్నే," అంది అమ్మ. మెల్లగా మావైపు తిరిగింది. "కీర్తన తీసుకెళ్లి ఫిడేలుకెక్కించింది. డాన్సుల్లో వాయించింది. ఆ ఆదివారం చెయ్యి చాపితే నేనివ్వలేదు. ఫిర్యాదేంటని అడిగితే, ఏం లేదన్నాను. ఆ వారమే మొగుడితో ఒహాయో బండెక్కిపోయింది." టోపీ సరిచేసుకుంది. "మొక్కజొన్న చేలో కలుపు తీస్తూ కట్టుకున్నాం ఇద్దరం ఆ మూడో వరుస. ముందు పైకి పోయింది నేను."

"ముందు పోయింది తనే అనేది అవ్వ."

"అంటుంది," అంది అమ్మ. "అంటుంది అది."

చెయ్యి చాపింది. లెండల్ నన్ను దాటుకుని పోయి పట్టుకున్నాడు. ఆమె గబుక్కున వదల్లేదు. బ్రదర్ హోబర్ట్ నావైపు చూశాడు. నేనూ జేబులోంచి చెయ్యి తీసి లెండల్‌కి ఇచ్చాను. అతని అరచెయ్యి పొడిగా ఉంది, నాది తడి. ఇస్తూ కూడా నాలో ఒక మూల, పుస్తకంలో తొమ్మిది పేర్లు ఎవరైనా రాసుకోవచ్చుగా, అని గొణుగుతూనే ఉంది.

చర్చి వదిలాక అందరం అమ్మ వంటింట్లో కూర్చున్నాం. చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. అమ్మ మొక్కజొన్న రొట్టె మజ్జిగలో నలుపుతూ, "తే," అంది.

ఏం తేవాలో అడిగే ధైర్యం చేయలేదు. ఇంటికి పోయి డబ్బా, రికార్డరూ తెచ్చాను. "పెట్టు," అంది.

పెట్టాను. గిన్నెల చప్పుడు, నీళ్లు, దూరంగా నా గొడ్డలి. మొదటి వరుస, రెండోది. లెండల్ కళ్లు మూసుకున్నాడు. మూడో వరుస వచ్చింది.

కిందికి దిగింది.

అందరూ దిగినట్టే, మెట్లమీంచి దిగినట్టు సాఫీగా దిగిపోయింది. లెండల్ కళ్లు తెరిచాడు. "ఇది మామూలు దారేగా."

నేను వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. మళ్లీ దిగింది.

"ఎన్నిసార్లు తిప్పినా అదే పాడతాను," అంది అమ్మ, మజ్జిగ తాగుతూ. "గిన్నెల తువ్వాలు కింద ఎర్రగా ఏదో వెలుగుతుంటే చూసుకోనా? ముందు నిప్పనుకున్నా. ఎత్తి చూశా. ఓహో అనుకున్నా. మళ్లీ కప్పేశా."

"చూసి మరి ఆపలేదేంటమ్మా?"

"ఆపితే, నాకు తెలిసిందని నీకు తెలిసిపోదూ?"

కోయ్ నవ్వు ఆపుకోలేక పొయ్యి వైపు తిరిగాడు. టాన్సీ ఆపుకోనే లేదు.

"ఎనిమిది నెలలు! ఒక్కమాట అనలేదు నువ్వు."

"నువ్వూ అనలేదుగా. ఎన్నాళ్లకి చెబుతావో చూద్దామనుకున్నా. చర్చిలో, అందరిముందూ చెబుతావనుకోలేదు. నీది మీ నాన్న తెలివి."

నేను టేపు బయటికి తీసి డబ్బాలో పడేశాను, ఆ మాట పడక కాదు. లెక్సింగ్టన్ వాళ్లకి ఇంకెవరి దగ్గరా లేనిదంటూ నేను పట్టుకుపోబోయింది, ఈ కొండల్లో ప్రతి ముసలాయనా పాడేదాన్ని.

"అమ్మమ్మా," అంది టాన్సీ. "అసలుది మాకిస్తావా?"

"అడగాల్సినవాడు అడగనీ."

నేనే అడగాలి. ఎనిమిది నెలలు తప్పించుకున్న మాట. "ఇస్తావా అమ్మా?"

"ఇవ్వను."

రొట్టె ముక్క నములుతూ మమ్మల్నందర్నీ ఒక్కొక్కరిగా చూసింది.

"నీ చేతికివ్వను. నీ మెషినుకీ ఇవ్వను. ఐసీ సగం ఈ పిల్లాడి దగ్గర ఉంది, అది వాడిష్టం. నా సగానికి నేనే వస్తా. నేను పాడేటప్పుడు ఎవడూ తీగ ముట్టుకోకూడదు. పాడి బయటికొచ్చి తలుపేశాక మీ రభస మీరు చేసుకోండి."

శనివారం పొద్దున్నే లెక్సింగ్టన్ పోయాం. ఒకప్పటి పిండిమర అది, ఇప్పుడు గోడలకి దుప్పట్లు కొట్టారు. అమ్మ ఆదివారం బట్టలేసుకుంది, చేతిసంచి ఒళ్లోంచి దించలేదు. అద్దం వెనక కూర్చున్న మనిషిని, "ఎర్ర దీపం ఏది బాబూ?" అని అడిగింది. అతను చూపించాడు. సంచిలోంచి గిన్నెల తువ్వాలు తీసింది, అదే తువ్వాలు, దాని మీద కప్పింది.

"అది చూస్తుంటే నాకు గొంతు రాదు."

పాడింది. ఎవరమూ తీగ ముట్టుకోలేదు. మూడో వరుస దగ్గర నావైపు ఒక్క చూపు చూసింది.

పైకే పోయింది. కానీ నేను గోడకివతల పడుకుని విన్న పైకి కాదు. తడబాటు ఉంది, నిలదొక్కుకోవడం ఉంది, రెండూ ఉండాల్సిన చోట కాక పక్కన ఉన్నట్టనిపించింది. లెండల్ వైపు చూశాను.

"ఇదేనా?" అని పెదాలతో అడిగాను.

"ఇదే అన్నా," అన్నాడు, చాలా తొందరగా. అన్నాక అమ్మవైపు చూశాడు. అమ్మ అతనివైపు చూడలేదు. అంత జాగ్రత్తగా చూడకపోవడం నాకు నచ్చలేదు.

ఆమె బయటికి పోయి తలుపేసుకుంది. టాన్సీ ఆ వరుసే అందుకుని అరిచింది, కోయ్ పడ్డాడు డ్రమ్ము మీద, లెండల్ కమాను అమ్మ గొంతు పోయిన దారినే పైకి పోయింది, గిలక లోపల కొట్టుకుంటుండగా. నేను బాంజోతో వాళ్ల వెనకే పోయాను. అద్దం వెనక మనిషి రెండు బొటనవేళ్లూ ఎత్తి చూపించాడు. ఇంకెవరి దగ్గరా ఇలాంటిది లేదన్నాడు. అందులో మాత్రం నాకు అనుమానం లేదు.

తిరుగుదారిలో అమ్మ నా పక్కన, ముందు సీట్లో కూర్చుంది. "ఆ డ్రమ్ము పిల్లాడికి తోలుమీద అంత కోపమెందుకురా?" అంది. తర్వాత కిటికీలోంచి కొండలు చూస్తూ, నోరు తెరవకుండా, తనలో తాను లాగడం మొదలుపెట్టింది. మొదటి వరుస, రెండో వరుస. నేను బండి నెమ్మది చేసి, కంటికొసల్లోంచి చూశాను.

ఆపేసింది.

"రోడ్డు చూసి నడపరా," అంది.